ఇల్లు తాకట్టు పెట్టి ఫిజిక్స్ చదివించాలా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 62 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 38 వేల దాకా అవుతుంది. మా ఆవిడ గృహిణి. అమ్మాయి ఈ ఏడాదే హైదరాబాద్‌లో బీఎస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది, అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. అమ్మాయికి ఆస్ట్రోఫిజిక్స్ అంటే పిచ్చి. అమెరికాలో ఎంఎస్ ఫిజిక్స్‌కి జనవరి ఇన్‌టేక్‌లో సీటు వచ్చింది. రెండేళ్లకు మొత్తం 38 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇంటి మీద 30 లక్షల లోన్ మాట్లాడాం, పదకొండున్నర శాతం వడ్డీ, 15 ఏళ్లు. మిగతా 8 లక్షలు తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. సేవింగ్స్‌లో 1.4 లక్షలు, ఎఫ్‌డీలో 6 లక్షలు ఉన్నాయి. ఎఫ్‌డీని వీసా కోసం చూపించడానికి కదపకుండా ఉంచాం. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ 3 లక్షలకు ఉంది, 5 లక్షల ఎల్ఐసీ పాలసీ ఉంది. నాకు బీపీ ఉంది. వెళ్లాక పార్ట్‌టైమ్ చేసి ఈఎంఐకి డబ్బు పంపుతానని అమ్మాయి ధైర్యం చెబుతోంది. వచ్చే వారం మార్ట్‌గేజ్ రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేశాం. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ స్లాట్ రద్దు చేసుకోండి, మిగతాది తర్వాత చదవండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తుంటాయి. ఎక్కువ మంది కంప్యూటర్స్ గురించి రాస్తారు. అక్కడైతే అప్పు చేయడానికి కనీసం ఏదో ఒక వాదన ఉంటుంది. ఫిజిక్స్ కోసం ఇల్లు తాకట్టు పెడుతున్నారని చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు మీ ఇంటి లెక్క చూద్దాం.

ఇంటి మీద తీసుకుంటున్నది ఎడ్యుకేషన్ లోన్ అని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు, అది ఆస్తి తనఖా లోన్. ఎడ్యుకేషన్ లోన్‌లో చదువు అయ్యేదాకా అసలు కట్టక్కర్లేదు. దీనికి అలాంటి వెసులుబాటు ఉండదు, డబ్బు చేతికి వచ్చిన మరుసటి నెల నుంచే ఈఎంఐ మొదలు. 30 లక్షలకు, మీరు చెప్పిన వడ్డీకి, 15 ఏళ్లకు నెలకు 35 వేలు పడుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షల మీద నెలకు 16 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. రెండూ కలిపితే 51 వేలు. జీతం 62 వేలు. మిగిలిన 11 వేలతో 38 వేల ఇల్లు ఎలా నడుపుతారు?

నెలకు 27 వేలు లోటు. సేవింగ్స్‌లో ఉన్న 1.4 లక్షలు ఐదు నెలలు వస్తాయి. ఆ తర్వాత ఎఫ్‌డీ విరగ్గొడతారు, అది ఇంకో 22 నెలలు లాగుతుంది. అంటే అంతా సవ్యంగా జరిగి, ఎవరికీ జ్వరం కూడా రాకుండా ఉంటే రెండేళ్ల మూడు నెలలకు మీ చేతిలో రూపాయి ఉండదు. అప్పటికి మీ అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరి ఉంటాడు. రెండు రూపాయల వడ్డీ ఆయనకు రెండేళ్లలో 3 లక్షల 84 వేలు కట్టి ఉంటారు, 8 లక్షలు అలాగే నిలబడి ఉంటాయి.

పార్ట్‌టైమ్ మాట. అక్కడ విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల లోపే పని చేయాలి. దాంతో తిండీ, గది అద్దెలో కొంత గడుస్తాయేమో. దాన్ని నమ్ముకుని ఇక్కడ ఈఎంఐ లెక్క వేసుకోకూడదు. బయట గ్యాస్ స్టేషన్‌లో చేసుకోవచ్చని ఎవరైనా చెబితే, పట్టుబడితే వీసా పోతుందన్న సంగతి కూడా వాళ్లనే అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఇంత వివరంగా రాశారు గానీ అందులో ‘అత్యవసర నిధి’ అన్న మాటే లేదు. ఆరు లక్షల ఎఫ్‌డీ ఉంది కదా అంటారు. అది వీసా ఆఫీసరు కోసం పెట్టిన డబ్బు. మీ ఇంట్లో ఎవరికి ఏమైనా తీయకూడదని మీరే ఒట్టు పెట్టుకున్నారు. అలాంటప్పుడు అది నిధి ఎలా అవుతుంది?

హన్మకొండ నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. వయసు ఇంచుమించు మీ అంతే, కొడుకును అమెరికా పంపారు. రెండో సెమిస్టర్‌లో ఆయనకు గుండె నొప్పి వచ్చింది, స్టెంట్లు వేశారు. ఆఫీసు పాలసీ లిమిట్ నాలుగో రోజుకే అయిపోయింది. ఆయన భార్య గాజులు తాకట్టు పెట్టింది, చాలక ఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకుంది. ఆయన మూడు నెలలు డ్యూటీకి వెళ్లలేదు, ఈఎంఐలు తప్పాయి. కొడుక్కి ఈ సంగతి చెప్పలేదు, పరీక్షలని. ఆయన నాతో అన్నది ఒకటే: ‘మూడు లక్షలు పక్కన ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు సార్’. అప్పటికి రెండేళ్లుగా నేను ఆయనకు చెబుతున్నది కూడా సరిగ్గా ఆ మూడు లక్షల గురించే.

అందుకే, మీ ఎఫ్‌డీలోంచి 3 లక్షల 40 వేలు తీసి విడిగా పెట్టండి. తొమ్మిది నెలల ఇంటి ఖర్చు అది. మామూలుగా ఆరు నెలలు చాలంటాను. మీకు తొమ్మిది ఎందుకంటే, 51 ఏళ్లకు ప్రైవేటు ఉద్యోగం పోతే అదే జీతానికి ఇంకోటి దొరకడం తేలిక కాదు, పైగా జీతం తెచ్చేది మీరొక్కరే. ఆ డబ్బు ఖాతాలో మీ ఆవిడ పేరు కూడా ఉండాలి, ఎలా తీయాలో ఆమెకు తెలిసి ఉండాలి. మీరు ఐసీయూలో ఉన్నప్పుడు మీ ఫోన్ పాస్‌వర్డ్ కోసం ఆమె వెతుక్కోకూడదు. ఈ డబ్బు అమ్మాయి ఫీజుకు ముట్టుకోకండి, బంధువుల పెళ్లికి చేబదులుగా కూడా ఇవ్వకండి.

తర్వాత ఇన్సూరెన్స్. ఆఫీసు పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. అదీ మూడు లక్షలు, నలుగురికి కలిపి. సొంతంగా ఇంటిల్లిపాదికీ కలిపి పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, బీపీ సంగతి దాచకుండా రాయండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు. ఇవాళ తీసుకుంటే 54కి అది గడిచిపోతుంది, వాయిదా వేస్తే ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. 5 లక్షల ఎల్ఐసీ మీ కుటుంబానికి ఎనిమిది నెలల జీతం. మీరు లేకపోతే తొమ్మిదో నెల ఏమిటి? కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ, మీకు 63, 64 వచ్చేదాకా. ఈ వయసులో, బీపీతో ప్రీమియం తక్కువేమీ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, అదొక్కటే ఊరట. రెండింటికీ కలిపి నెలకు పది వేలు పక్కన పెట్టుకోండి, తక్కువైతే సంతోషం.

అన్నట్టు, 62 వేల జీతంలో 38 వేలు ఖర్చయితే నెలకు 24 వేలు మిగలాలి. సేవింగ్స్‌లో 1.4 లక్షలే ఉన్నాయంటే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో మీరు రాయలేదు. పాట పాడి డబ్బు ముందే ఎత్తేసిన చీటీ ఏమైనా కడుతున్నారా? ఉంటే అదీ అప్పే, లెక్కలో రాసుకోండి.

ఇక అమ్మాయి చదువు. మంచి కబురు ఇక్కడే ఉంది, కానీ మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఫిజిక్స్‌లో పై చదువుకు విద్యార్థి డబ్బు కట్టడం కన్నా సంస్థే విద్యార్థికి డబ్బివ్వడం ఎక్కువ. అమెరికాలో చాలా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లు అసలు ఎంఎస్‌కని విడిగా విద్యార్థులను తీసుకోవు, నేరుగా పీహెచ్‌డీకి తీసుకుంటాయి. ఇంజినీరింగ్, మెడిసిన్ వైపు వెళ్లే పిల్లలందరూ మొదట్లో ఫిజిక్స్ ల్యాబులు చేయాలి. ఆ ల్యాబులు నడపడానికి, పేపర్లు దిద్దడానికి డిపార్ట్‌మెంట్‌కు మనుషులు కావాలి. ఆ పని చేసే పీహెచ్‌డీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. తర్వాతి ఏళ్లలో ప్రొఫెసర్ తన పరిశోధన నిధుల నుంచి ఇస్తారు. ఐదారేళ్ల చదువు, మీరు రూపాయి ఫీజు కట్టక్కర్లేదు. వీసాకి మీ ఎఫ్‌డీ చూపించే పని కూడా ఉండదు, యూనివర్సిటీ ఇచ్చే డబ్బు వీసా కోసం వాళ్లే పంపే ఐ-20 పత్రంలోనే రాసి ఉంటుంది. డబ్బు కట్టించుకునేది ఎంఎస్‌కే. కన్సల్టెన్సీ మీకు చూపించింది అదే. ఎందుకో మీరే ఊహించుకోండి.

మరి అమ్మాయిని నేరుగా పీహెచ్‌డీకే పంపొచ్చు కదా అంటారు. మనది మూడేళ్ల డిగ్రీ, అక్కడ చాలా చోట్ల పదహారేళ్ల చదువు అడుగుతారు. పైగా 2025లో పరిశోధన నిధుల కోత భయంతో అక్కడి కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి, పోటీ పెరిగింది. కాబట్టి ఇక్కడ ఎంఎస్సీ చేసి, ఒకటి రెండు మంచి ప్రాజెక్టులు చేతిలో పెట్టుకుని వెళ్లడమే దారి.

ఇక్కడ ఎంఎస్సీ అంటే చిన్నచూపు వద్దు. ఐఐటీలు ఎంఎస్సీ సీట్లకు పెట్టే జామ్ పరీక్షకు దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. దాంతో ఐఐటీల్లో ఎంఎస్సీ చేయొచ్చు, మన దగ్గరే ఐఐటీ హైదరాబాద్ ఉంది. ఆ మార్కులతోనే వరంగల్ ఎన్ఐటీకీ వెళ్లొచ్చు. సంస్థను బట్టి తేడా ఉన్నా రెండేళ్లకు ఫీజు, హాస్టల్, మెస్ అన్నీ కలిపి మూడు నాలుగు లక్షల్లో సర్దుకోవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియా, కాకతీయలకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి.

వీటన్నిటికన్నా మీలాంటి ఇంటికి నేను ముందు చూడమనేది ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ. బీఎస్సీ అయిన వాళ్లనే తీసుకుంటారు, ఎంఎస్సీ, పీహెచ్‌డీ రెండూ ఒకేచోట, మొదటి నుంచే స్టైపెండ్. బెంగళూరు ఐఐఎస్సీలో ఉంది, జామ్ రాస్తే దానికీ పనికొస్తుంది. టాటా వాళ్ల పేరుతో ఉన్న పరిశోధనా సంస్థ టీఐఎఫ్ఆర్‌కు వాళ్ల సొంత పరీక్ష డిసెంబరులో ఉంటుంది, వాళ్ల కేంద్రం ఒకటి హైదరాబాద్ గోపన్‌పల్లిలోనే ఉంది. ఇంకొన్ని పరిశోధనా సంస్థలు జెస్ట్ అనే పరీక్షలో వచ్చిన స్కోరు చూస్తాయి. సీట్లు తక్కువ, పరీక్షలు కష్టం, ఒప్పుకుంటాను. కానీ ఈ మూడు పరీక్షల సిలబస్ చాలావరకు ఒకటే. రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవడంతో పోలిస్తే మెకానిక్స్, ఎలక్ట్రోమాగ్నటిజం లెక్కలు ఏడాది పాటు చేయడం చాలా తేలిక.

ఏడాది వృథా అవుతుందని మీ ఆవిడ బెంగ పెట్టుకుంటారేమో. ఈ వచ్చే ఆరేడు నెలలు అమ్మాయి చదువుకుంటూ దగ్గర్లోని కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకోవచ్చు. చెప్పేటప్పుడే సబ్జెక్టు గట్టిపడుతుంది. ఎంఎస్సీ తర్వాత విదేశాలకు వెళ్లడం ఇష్టం లేకపోతే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి, ఇక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37 వేలు, పైన ఇంటి అద్దె భత్యం. మీ జీతంలో సగం దాటింది, చూశారా?

జర్మనీ గురించి కూడా కొందరు చెబుతారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదు, నిజమే. కానీ అక్కడి ఖర్చుల కోసం, నెలనెలా కొంతే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి దాదాపు 12 వేల యూరోలు ముందే వేయాలి. మీరిప్పుడు ఆ పరిస్థితిలో లేరు. ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలకు ఆదాయ పరిమితి ఉంది, మీ జీతం స్లిప్పు పట్టుకుని జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి చూడండి. అంతకు మించి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ దగ్గర ఉన్న 7.4 లక్షల్లో అత్యవసర నిధి పోగా 4 లక్షలు మిగులుతాయి. ఎంఎస్సీకి అది సరిపోతుంది, ఇంటిగ్రేటెడ్ సీటు వస్తే అందులో చాలాభాగం మిగిలి అబ్బాయికి ఉపయోగపడుతుంది. మూడేళ్ల తర్వాత అమెరికా పీహెచ్‌డీకి అప్లై చేసే నాటికి ఒక్కో యూనివర్సిటీకి 75 నుంచి 100 డాలర్ల దరఖాస్తు ఫీజు, ఇంగ్లిష్ పరీక్ష, వీసా, టికెట్, మొదటి నెల ఖర్చు అన్నీ కలిపి ఓ నాలుగు లక్షలు కావాలి. ప్రీమియాలు పోగా మిగిలే 14 వేలల్లోంచి నెలకు పది వేలు దానికి వేయండి, అప్పటికి దాదాపు సరిపోతుంది. అంతకుమించి కావాలంటే అప్పుడు చూద్దాం, అదీ బ్యాంకులోనే, అమ్మాయి పేరు మీదే.

కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఏమైనా కట్టి ఉంటే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఆ డబ్బు పోయిందని 30 లక్షల కాగితాల మీద సంతకం పెట్టకండి. రెండు రూపాయల వడ్డీ ఆయనకు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి, లేకపోతే వచ్చే వారం ఆయనే చేస్తారు.