ఆండ్రే 3000 ‘న్యూ బ్లూ సన్’: మా ఇంట్లో ఎవరికి ఎలా వినిపించింది

మీరు అడిగింది ఇదీ: ఆండ్రే 3000 సోలో ఆల్బమ్ ‘న్యూ బ్లూ సన్’ని కొందరు నెత్తిన పెట్టుకుంటున్నారు, కొందరు అసలిది సంగీతమే కాదంటున్నారు, విన్నవాళ్ళు మీ అనుభవం చెప్పండి, వినొచ్చా వద్దా అని. వచ్చిన రోజు నుంచీ వింటున్నాను కాబట్టి రాస్తున్నాను. నా సలహా, వినండనే. కాకపోతే ర్యాప్ కోసం వినకండి, వేణుగానం కోసమూ వినకండి.

ఆయన తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అట్లాంటాకి చెందిన అవుట్‌కాస్ట్ అనే ర్యాప్ జంటలో ఒకడు, రెండోవాడు బిగ్ బోయ్. 2003లో వాళ్ళు తెచ్చిన జంట ఆల్బమ్‌కి మరుసటి ఏడాది గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. 2006 తర్వాత ఆల్బమే లేదు. మధ్యలో ఎవరో ఒకరు ఈయన్ని వీధుల్లో, విమానాశ్రయాల్లో వేణువు ఊదుకుంటూ తిరుగుతుండగా వీడియో తీసి పెట్టేవారు. చివరికి 17 ఏళ్ళకి, 2023 నవంబరు 17న, ఈ ఆల్బమ్ వచ్చింది. ఎనిమిది ట్రాకులు, సుమారు 87 నిమిషాలు, ర్యాప్ ఒక్క ముక్క లేదు. ఆ సంగతి ముందే హెచ్చరికగా అచ్చువేశారు కూడా. మొదటి ట్రాక్ పేరే ఒక సంజాయిషీ: నిజంగా ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నాను, గాలి ఈసారి ఇటు తోసుకొచ్చింది అని.

ఆ రోజు నాగుల చవితి. నాకు బాగా గుర్తు. పొద్దున్నే అమ్మ పుట్టలో పాలు పోసి వచ్చింది, సాయంత్రం విశాఖలో మా పెదవాల్తేరు వీధిలో పిల్లలు దీపావళికి మిగుల్చుకున్న మందుగుండు కాలుస్తున్నారు. మా పిన్ని కొడుకు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి అవుట్‌కాస్ట్ అంటే ప్రాణం. టపాకాయల చప్పుడు సద్దుమణిగాక, రాత్రి తొమ్మిదింటికి డాబా మీదకి స్పీకర్ తెచ్చి మొదటి ట్రాక్ పెట్టాడు. నాలుగు నిమిషాలు గడిచాయి. వాడు నా వైపు తిరిగి, “ఇంకెప్పుడు మొదలవుద్దక్కా?” అన్నాడు. మొదలైపోయిందిరా అన్నాను. వేలితో ముందుకి జరిపి చూశాడు, ఆరో నిమిషం, తొమ్మిదో నిమిషం, అంతా అలాగే ఉంది. 12 నిమిషాల 20 సెకన్ల ట్రాక్ అది. ఫోను బోర్లించి కిందకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రే ఒక సైట్లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చాడు.

వాడి మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. వాడి బీరువాలో ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంది. ఆయన పాటల్లోని చరణాలన్నీ చేత్తో రాసుకుని, అర్థంకాని మాటల కింద తెలుగులో అర్థం రాసుకున్నాడు. వాడి ఇంగ్లీషులో సగం అక్కడి నుంచి వచ్చిందే. అంతగా మాటల కోసం ఎదురుచూసిన పిల్లాడికి మాటే లేని ఆల్బమ్ ఇస్తే ఉసూరుమనడా? “నీకు ఎదగడం రాలేదు” అని అలాంటివాళ్ళని ఈసడించే అభిమానులంటే నాకు ఒళ్ళుమంట.

ఆ ట్రాక్ నేను ఆపలేదు. అప్పుడే ఆరేసిన బట్టలు తీయడానికి అమ్మ పైకి వచ్చింది. ఆండ్రే ఎవరో ఆవిడకి తెలీదు, అడగనూ లేదు. చీర మడతపెడుతూ ఆగి, “భజన అయిపోయాక హార్మోనియం ఆయన మెట్ల మీద నుంచి చేతులు తియ్యకుండా ఉండిపోతాడు చూడు, అలా ఉంది” అంది. అంతే, బట్టలు పట్టుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి ఆల్బమ్‌లో ఎవరెవరు వాయించారో చూస్తుంటే నా ఒళ్ళు జలదరించింది. కీబోర్డు సూర్య బోటోఫసీనా. ఆయన పెరిగింది కాలిఫోర్నియాలో అలీస్ కోల్ట్రేన్ నడిపిన సాయి అనంతం ఆశ్రమంలో. జాజ్‌లో పేరుమోసిన హార్ప్ కళాకారిణి ఆవిడ, తర్వాత సన్యాసం తీసుకుని ఆశ్రమం పెట్టి, కీబోర్డు మీద తనే భజనలు నడిపించారు. అంటే ఆ పిల్లాడు భజనల మధ్యే సంగీతం నేర్చుకున్నాడన్నమాట. పేరు తెలీకుండా, పరిచయం లేకుండా మా అమ్మ చెవి సరాసరి అక్కడికే వెళ్ళింది.

ఇక “అసలు ఆయనకి ఊదడం వచ్చా?” అనే గొడవ. చిన్నప్పుడు నేను మూడేళ్ళు వేణువు నేర్చుకున్నాను, గీతాల దగ్గర ఆగిపోయాను. మా మాస్టారు ఇప్పటికీ మద్దిలపాలెం వైపు పిల్లలకి చెబుతున్నారు. ఓ ఆదివారం హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్ళి ఆయన చెవులకి పెట్టాను. కళ్ళు మూసుకున్నారు. అలవాటుకొద్దీ రెండు చేతుల వేళ్ళూ పంచె మీద వేణువు రంధ్రాలు వెతుక్కుంటూ కదిలాయి, కాసేపటికి ఆగిపోయాయి. “విద్య లేదమ్మా. నా దగ్గరికొస్తే సరళీ వరసల నుంచి కూర్చోబెడతాను” అన్నారు. నేను తీయబోతే చెయ్యి అడ్డుపెట్టారు. “ఉండు. ఊపిరి దాచుకోవట్లేదు చూడు.” నాకు పాఠం చెప్పేటప్పుడు స్వరంతో పాటు గాలి చప్పుడు వస్తే పదిసార్లు మళ్ళీ ఊదించిన మనిషి ఆయన. ఈ ఆల్బమ్‌లో ఆ గాలి చప్పుడు కావాలనే ఉంచారు. ట్రాక్ అయ్యేదాకా విన్నారు. బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో లవంగి కట్టినప్పుడూ ఇది రాగమేనా అన్నవాళ్ళు ఉన్నారని చెప్పి, వెంటనే “అయితే బాలమురళి గారికి డెబ్భైరెండు మేళకర్త రాగాలూ కరతలామలకం, అది మర్చిపోకు” అన్నారు. ఆ రెండో మాట నేనూ మర్చిపోను.

నా సొంత అభిప్రాయం అడిగితే, దీన్ని వేణువు ఆల్బమ్ అనడమే పొరపాటు. చాలాచోట్ల ఆయన ఊదేది వెదురు వేణువు కాదు, డిజిటల్ గాలివాద్యం. అది కూడా ముందు వరసలో ఉండదు. కార్లోస్ నీన్యో చిరుగంటలు, ఆకుల గలగలల్లాంటి తాళవాద్యాలు, నేట్ మెర్సరో గిటారు, సూర్య కీబోర్డు, వీటి మధ్య ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఈయన ఓ రెండు స్వరాలు పెట్టి పక్కకి తప్పుకుంటాడు. ఒకప్పుడు ఊపిరి సలపనంత వేగంగా మాటలు పేర్చిన మనిషి, పక్కవాళ్ళు వాయించేది వింటూ తన వంతు కోసం కాచుకుని ఉండటం నాకు ఆ 12 నిమిషాల్లో స్పష్టంగా వినిపిస్తుంది. నాకు నచ్చింది అదే.

అలాగని మొత్తం నచ్చిందని చెప్పను. హవాయిలో ఒక రాత్రి తాను చిరుతగా మారానని పేరు పెట్టిన ట్రాక్‌లో అడుగుస్వరం గుర్రు బావుంటుంది, కానీ సాగుతుంది. మధ్య ట్రాకులు కొన్ని ఏది ఏదో గుర్తుపట్టలేం. ఓ ఇరవై నిమిషాలు కోసేసినా పోయేదేమీ లేదు. పేరు లేనివాడు ఇదే ఆల్బమ్ తెస్తే ఎవరు వినేవారు అన్న విమర్శకి నా దగ్గర జవాబు లేదు, అది నిజం. మొదటి ట్రాక్ అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 90వ స్థానానికి వచ్చి, ఆ పట్టికకెక్కిన వాటిలో అతి పొడవైనదిగా రికార్డు కొట్టింది. గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ నామినేషన్ కూడా వచ్చింది, అవార్డు రాలేదు. ఇరవై ఏళ్ళు సాధన చేసినవాళ్ళు మన ఊళ్ళో కచేరీ పెడితే ముందు రెండు వరసలు నిండటం కష్టం. మాస్టారి కచేరీల్లో కుర్చీలు సర్దిన దాన్ని, నాకది బాధే.

వినేదెలాగంటే, ముందు మొదటి ట్రాక్, తర్వాత ఆఖరిది, 17 నిమిషాలుంటుంది. ఈ రెండూ పట్టకపోతే మిగతావి వదిలేయండి. ఫోను స్పీకర్లో వద్దు, ఫ్యాను కింద అసలే వద్దు, సగం చప్పుళ్ళు ఫ్యానే మింగేస్తుంది. నేను పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే వేళకి వెళ్ళి, జలాంతర్గామి మ్యూజియం దాటాక గోడ మీద కూర్చుని వింటాను. హెడ్‌ఫోన్స్ సందులోంచి కెరటం చప్పుడు కూడా కాస్త వస్తుంటుంది, ఈ సంగీతానికి అది అడ్డం కాదు.

తమ్ముడి సంగతి కూడా చెప్పాలి. మొన్న సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి ఒంటిగంటకి మంచినీళ్ళకని లేస్తే వాడి గదిలోంచి ఆ ఆఖరి ట్రాక్ సన్నగా వినిపించింది. తలుపు తోస్తే, పుస్తకంలోంచి తలెత్తకుండానే, “చదువుకోడానికి పెట్టానక్కా, ర్యాప్ ఆల్బమ్ మాత్రం ఆయన నాకు బాకీయే” అన్నాడు.