ఐసీసీ బాధ్యత తీసుకున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కళాశాలలో లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి (ఐసీసీకి) నిన్ను అధ్యక్షురాలిగా నియమించారని రాశావు. రెండు విడతలు, అంటే ఆరేళ్లు, ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కనుక నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ఒక్కటే చదివి సరిపెట్టుకోవద్దు. విద్యార్థులకు సంబంధించిన వివరమంతా 2015 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధనల్లో ఉంది. ముందుగా మీ కమిటీ సక్రమంగా ఏర్పడిందో లేదో చూసుకో. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి, విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి, విభాగాధిపతుల వంటి పాలనాధికారులు సభ్యులుగా ఉండరాదు. ఇందులో లోపముంటే ఎంత బాగా విచారించినా తర్వాత ప్రశ్నించడానికి అవకాశం ఇచ్చినట్లే.

లైంగిక వేధింపు అనగానే చాలామంది శరీరాన్ని తాకడమే అనుకుంటారు. నిబంధనల్లో దాని పరిధి చాలా పెద్దది: లైంగిక అర్థం వచ్చే వ్యాఖ్యలు, అశ్లీలమైన బొమ్మలు చూపించడం, కోరికలు తీరిస్తే మేలు చేస్తానన్న సూచన, లేదంటే నష్టం తప్పదన్న బెదిరింపు, చదువుకోలేని వాతావరణం కల్పించడం, అన్నీ దాని కిందికే వస్తాయి. ఇక్కడ చూడవలసింది ఆ ప్రవర్తన ఎదుటి మనిషికి ఇష్టమైనదా కాదా అన్నదే. "సరదాకి అన్నాను" అనే జవాబును అక్కడికక్కడే ఒప్పుకోవలసిన పని లేదు. అబ్బాయిలూ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ వచ్చినా వాళ్ల మాట కూడా అంతే శ్రద్ధగా విను.

అన్నింటికంటే ఫిర్యాదు కాగితం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. నా దగ్గరకు వచ్చిన మొదటి కాగితంలో "అతడు నాతో అసభ్యముగా ప్రవర్తించెను" అన్న ఒక్క వాక్యమే ఉంది. అది ఆ అమ్మాయి వాక్యం కాదు. ఆఫీసులో ఎవరో పెద్దమనిషి మర్యాద కోసం మార్చి రాయించినది. ఎదుటివాడు "నేనలా ప్రవర్తించలేదు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు, విచారించడానికి ఏమీ మిగల్లేదు. ఆమెను మళ్లీ కూర్చోబెట్టి తన మాటల్లోనే చెప్పమంటే, రికార్డు మీద సంతకం కోసం ల్యాబ్ బల్ల దగ్గర నిలబడినప్పుడు చెయ్యి పట్టుకున్నాడనీ, ఇంటర్నల్ మార్కులు తన చేతిలోనే ఉన్నాయన్నాడనీ, ఆ సాయంత్రం పంపిన మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉందనీ తెలిసింది. రాయలేని వారికి రాయడంలో సాయపడడం కమిటీ విధి, కానీ మాటలు మాత్రం వారివే ఉండాలి.

గడువులు గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. ఘటన జరిగిన 3 నెలల్లో ఫిర్యాదు రావాలి, కారణాలు రాసిపెట్టి మరో 3 నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు ప్రతిని 7 రోజుల్లో ఎదుటిపక్షానికి పంపాలి, వారు 10 రోజుల్లో బదులివ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా, ఆరోపణ అధ్యాపకుడి మీదైతే, అతడు ఫిర్యాదు చేసిన విద్యార్థిని జవాబు పత్రాలు దిద్దకుండా ఆపమని అడగడానికి సంకోచించకు. బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే) చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

"పిల్లల భవిష్యత్తు, కూర్చుని మాట్లాడుకుందాం" అంటూ నీ గదికి ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. రాజీ బాధితురాలు కోరితేనే, అదీ డబ్బు ప్రసక్తి లేకుండా. అలాగే, రుజువు కానంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమని నివేదికలో రాయకు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆరోపణకు గురైన వ్యక్తికి కూడా తన సాక్షులను చూపించుకునే అవకాశం పూర్తిగా ఇవ్వు, లేకపోతే నీ నివేదిక అప్పీలులో నిలవదు.

చివరగా, నేను చేసిన ఒక పొరపాటు. ఒకసారి ఫిర్యాదు చేసిన అమ్మాయినీ, ఆరోపణకు గురైన వ్యక్తినీ ఇద్దరినీ పది గంటలకే రమ్మన్నాను. మేము లోపల ఫైళ్లు సర్దుకుంటున్న అరగంటా వాళ్లిద్దరూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. లోపలికి వచ్చాక ఆ అమ్మాయి నోటి నుంచి ఒక్క మాట రాలేదు, ఆ రోజు విచారణ వాయిదా వేశాను. నువ్వు మాత్రం వేర్వేరు సమయాలకు పిలువు, వీలైతే వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టు.