జపాన్‌లో నర్సు ఉద్యోగమంటున్నారు... అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది కోదాడ దగ్గర పల్లె. వ్యవసాయం. మా పెద్దమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేస్తోంది. వయసు 24. జీతం 20 వేలు. హాస్టల్ ఫీజు, ఖర్చులు పోను ఏమీ మిగలడం లేదు. జపాన్‌లో నర్సు ఉద్యోగం ఉందని, నెలకు లక్షన్నర జీతమని, ఐదేళ్లకు అక్కడే సెటిల్ కావచ్చని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ట్రైనింగ్, వీసా అన్నీ కలిపి నాలుగున్నర లక్షలు కట్టమంటున్నారు. అమ్మాయి వెళ్తానంటోంది. మేమేమో ఒకటి రెండేళ్లలో పెళ్లి చేద్దామనుకుంటున్నాం. పంపమంటారా?
– ఒక తండ్రి, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందుగా ఒక మాట. ఆ నాలుగున్నర లక్షలు కట్టకండి. అప్పు తెచ్చి అసలే కట్టకండి. అమ్మాయి జపాన్ వెళ్లాలా వద్దా అన్నది వేరే సంగతి, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

మీకు చెప్పింది నర్సు ఉద్యోగం కాదు. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ జపాన్‌లో చెల్లదు. అక్కడ నర్సుగా పని చేయాలంటే జపనీస్ భాషలో అన్నిటికంటే కష్టమైన ఎన్1 స్థాయి పాసవ్వాలి, అక్కడి ఆరోగ్య శాఖ మన చదువును పరిశీలించి అర్హత ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా ఫిబ్రవరిలో జరిగే జాతీయ నర్సు పరీక్ష జపనీస్‌లోనే రాసి గట్టెక్కాలి. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, వియత్నాంలతో జపాన్‌కు ప్రత్యేక ఒప్పందాలున్నాయి కాబట్టి ఆ దేశాల నర్సులు వెళ్లే దారి వేరు. మనకు ఆ దారి లేదు. కాబట్టి ఆర్నెల్లు భాష నేర్పి నర్సుగా పంపిస్తామని ఎవరైనా అంటే అది అబద్ధం.

వాళ్లు పంపేది ‘కైగో’ పనికి. అంటే వృద్ధుల సంరక్షణ. దానికిచ్చే వీసా పేరు స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్, జపనీస్‌లో తొకుతే గినో. 2019 ఏప్రిల్‌లో జపాన్ దీన్ని మొదలుపెట్టింది. 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదిరింది. జపాన్ జనాభాలో 65 ఏళ్లు దాటినవాళ్లు దాదాపు 29 శాతం. 2024లో అక్కడ పుట్టిన పిల్లలు 7 లక్షలు కూడా లేరు. పెద్దవాళ్లను చూసుకోవడానికి మనుషులు నిజంగానే కావాలి. 2025 ఆగస్టులో మన ప్రధాని టోక్యో వెళ్లినప్పుడు, ఐదేళ్లలో 50 వేల మంది నైపుణ్యమున్న భారతీయులు జపాన్ వెళ్లేలా చూడాలని రెండు దేశాలూ అనుకున్నాయి. అవకాశం అబద్ధం కాదు, మీకు దాన్ని అమ్మిన తీరే అబద్ధం.

కైగో అంటే రోజంతా ఏం చేస్తారో మీకు, మీ అమ్మాయికి స్పష్టంగా తెలియాలి. పొద్దున్నే పెద్దాయన్ని లేపి కూర్చోబెట్టడం, డైపర్ మార్చడం, నడుం పట్టేయకుండా మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మార్చడం. మింగలేనివాళ్లకు చిక్కగా చేసిన ఆహారాన్ని చెంచాతో కొంచెం కొంచెం పెట్టి, మింగారో లేదో గొంతు చూసి, అప్పుడు రెండో చెంచా. స్నానం అక్కడ పెద్ద పని. జపాన్ పెద్దవాళ్లకు వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగితేనే స్నానం చేసినట్టు. నడవలేనివాళ్లను కుర్చీతో సహా లిఫ్టు మీద నీళ్లలోకి దించుతారు. డిమెన్షియా ఉన్న అవ్వ ఒకే మాట ఇరవై సార్లు అడుగుతుంది, ఇరవై సార్లూ నవ్వుతూ జవాబు చెప్పాలి. డ్యూటీ మారేటప్పుడు ఎవరు ఎంత తిన్నారు, ఎవరికి విరేచనం కాలేదు అన్నీ జపనీస్‌లో రాసి, నోటితో కూడా చెప్పాలి. చాలా చోట్ల రాత్రి డ్యూటీ అంటే సాయంత్రం నాలుగైదింటి నుంచి మర్నాడు తొమ్మిది, పదింటిదాకా, ఏకంగా 16 గంటలు.

ఇంజెక్షన్ మాత్రం ఇవ్వకూడదు. కఫం తీయడం, ట్యూబ్ ద్వారా ఆహారం ఇవ్వడం లాంటివి కూడా అక్కడ ప్రత్యేక శిక్షణ పొందాకే. నాలుగేళ్లు నర్సింగ్ చదివి, హాస్పిటల్లో చేసిన అమ్మాయికి ఇది మొదట్లో మింగుడుపడదు. కళ్లముందు ఒక పేషెంటుకి ఏం చేయాలో తెలిసి కూడా, నర్సును పిలిచి పక్కన నిలబడాలి.

నేను దీన్ని తక్కువ పని అనడం లేదు. ముసలివాళ్లను అంత మర్యాదగా చూసుకునే పద్ధతి నేర్చుకోవడం గొప్ప విషయమే. కానీ మీ అమ్మాయిని మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ‘జపాన్ వెళ్తావా’ అని కాదు, ‘నర్సుగానే ఉండాలనుకుంటున్నావా’ అని. ఎందుకంటే ఐదేళ్లు కైగో చేసి తిరిగొస్తే, ఇక్కడి హాస్పిటళ్లయినా, గల్ఫ్ అయినా దాన్ని క్లినికల్ అనుభవంగా లెక్కలోకి తీసుకోవడం కష్టం. గ్యాప్ అంటారు. నర్సుగానే ఎదగాలని ఆమెకు గట్టిగా ఉంటే జర్మనీ మేలు. భాష అక్కడా బీ2 (మధ్యస్థం దాటిన) స్థాయి దాకా నేర్చుకోవాలి, కష్టమూ తక్కువేం కాదు, కానీ గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యాక నర్సు నర్సుగానే పని చేస్తుంది. నా అభిప్రాయం అడిగితే, బీఎస్సీ నర్సింగ్ చేసి, ఆ పని ఇష్టపడే అమ్మాయికి నేను జపాన్ కంటే ముందు జర్మనీ పేరే చెబుతాను. నైట్ డ్యూటీలతో, పేషెంట్ల లోడుతో విసిగిపోయి, ‘నాకు హాస్పిటల్ వద్దు, మనుషులకు సేవ చేసే పని అయితే చాలు’ అనే అమ్మాయికి జపాన్ చెబుతాను. రెండు రకాల అమ్మాయిలూ ఉంటారు. మీ అమ్మాయి ఎవరో మీకంటే, నాకంటే తనకే తెలుసు.

ఇక డబ్బు సంగతి. కైగోలో మొదటి జీతం సాధారణంగా నెలకు 1,80,000 నుంచి 2,20,000 యెన్‌ల మధ్య ఉంటుంది, నైట్ అలవెన్సులతో కొంచెం అటూ ఇటూ. 2,10,000 అనుకుందాం. ఇప్పుడు యెన్ 55-60 పైసల మధ్య ఉంది కాబట్టి అది మన డబ్బుల్లో దాదాపు లక్షా ఇరవై వేలు. ఇందులో పెన్షన్‌కు 9.15 శాతం, ఆరోగ్య బీమాకు సుమారు 5 శాతం, ఉద్యోగ బీమా, ఆదాయ పన్ను పోతాయి. చేతికి వచ్చేది సుమారు 1,75,000 యెన్‌లు. అద్దె, కరెంటు, తిండి, ఫోన్ పోను జాగ్రత్తగా ఉండే అమ్మాయి 75-85 వేల యెన్‌లు మిగుల్చుకోగలదు. అంటే నెలకు 40 నుంచి 50 వేల రూపాయలు. ఇప్పుడు ఏమీ మిగలని చోట ఇది మంచి డబ్బే. కానీ లక్షన్నర కాదు. పైగా వెళ్లిన మరుసటి సంవత్సరం జూన్ నుంచి, అంతకుముందు ఏడాది ఆదాయం మీద స్థానిక నివాస పన్ను మొదలవుతుంది. నెలకు ఏడెనిమిది వేల యెన్‌లు తగ్గేసరికి, జీతం కోశారేమోనని టెన్షన్ పడతారు. కోత కాదు, అది పన్నే, ముందే తెలిసుంటే చాలు. యెన్ విలువ కూడా నిలకడగా ఉండదు. 2020లో 70 పైసల దగ్గర ఉండేది. అదే జీతం ఇంటికి పంపేటప్పుడు ఇప్పుడు ఎంత తగ్గిపోయిందో మీరే లెక్క వేసుకోండి.

ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది. 2025లో ప్రకటించిన కనీస వేతనం టోక్యోలో గంటకు 1,226 యెన్‌లు, ఒకినావా, మియాజాకి లాంటి చోట్ల 1,023. అయితే టోక్యోలో అద్దెలు ఎక్కువ. కైగో ఉద్యోగాలు పల్లె ప్రాంతాల్లో, ఉత్తరాన మంచు కురిసే అకిత లాంటి చోట్ల బాగా ఉంటాయి. అకితలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఇద్దరు 65 దాటినవాళ్లే. అక్కడ మాట్లాడేది పుస్తకంలో నేర్చుకున్న జపనీస్ కాదు, ముసలివాళ్ల యాస. మనవాళ్లు కనిపించాలంటే టోక్యోలో నిషి కసాయ్ వైపు వెళ్లాలి. అక్కడ కందిపప్పు, చింతపండు దొరుకుతాయి, మిగతా చోట్లకు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. గుడ్డు, చేప తినే అమ్మాయైతే తిండికి పెద్ద ఇబ్బంది లేదు. శుద్ధ శాకాహారి అయితే బయట తినడం కష్టమే, కూరగాయల పులుసులో కూడా ఎండు చేప రసం కలుపుతారు.

డబ్బు విషయంలో కన్సల్టెన్సీలు చెప్పని మంచి సంగతి కూడా ఒకటుంది. జీతంలో కోసిన పెన్షన్‌లో ఎక్కువ భాగం, దేశం వదిలి వచ్చాక రెండేళ్లలోపు అప్లై చేస్తే ఒకేసారి వెనక్కి ఇస్తారు. గరిష్ఠంగా ఐదేళ్లకు లెక్కిస్తారు. పై జీతం మీద పన్ను పోను సుమారు 5 లక్షల రూపాయలు వస్తాయి. అప్లై చేయకపోతే రావు. జీతం స్లిప్పులు, పెన్షన్ నంబరు ఉన్న కాగితం పారేయకుండా దాచుకోమనండి.

పెళ్లి విషయం మీరు మొహమాటపడకుండా అడిగారు, నేనూ అలాగే చెబుతాను. ఈ వీసా మామూలుగా మొత్తం ఐదేళ్లే. ఈ ఐదేళ్లలో భర్తను, పిల్లలను డిపెండెంట్లుగా తీసుకెళ్లే వీలు లేదు. అమ్మాయి 25లో వెళ్తే 30 వరకు ఇదే పరిస్థితి. పెళ్లి చేసి పంపితే భర్త ఇక్కడ, ఆమె అక్కడ. ‘ఏడాదిలో అల్లుణ్ని కూడా తీసుకెళ్లొచ్చు’ అని సంబంధం వాళ్లకు చెప్పకండి, తర్వాత ఆ మాట అమ్మాయి మెడకే చుట్టుకుంటుంది.

సెటిల్ కావడానికి దారి ఉంది, కానీ ఐదేళ్లకు ఊరికే రాదు. మూడేళ్లు పని చేసి, ప్రాక్టికల్ శిక్షణ కోర్సు పూర్తి చేసి, ఏటా జనవరిలో జరిగే ‘కైగో ఫుకుషిషి’ (అర్హత పొందిన సంరక్షకులు) జాతీయ పరీక్ష పాసవ్వాలి. 125 ప్రశ్నలు, జపనీస్‌లోనే. అడిగితే విదేశీయులకు కంజి అనే బొమ్మల్లాంటి అక్షరాల పైన ఉచ్చారణ రాసిన పేపరు ఇస్తారు. అది పాసైతే కైగో అనే వేరే వీసాకు మారవచ్చు. దాన్ని ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు, భర్తను, పిల్లలను తీసుకెళ్లవచ్చు. శాశ్వత నివాసానికి మామూలుగా పదేళ్లు ఉండాలి, అందులో ఐదేళ్లు పని వీసా మీద గడవాలి. మొదటి ఐదేళ్ల తొకుతే గినో కాలం ఆ పని వీసా లెక్కలోకి రాదు. అందుకే అక్కడే ఉండిపోవాలనుకునే అమ్మాయి వెళ్లిన మొదటి రోజు నుంచే ఆ పరీక్షకు చదవాలి. నాలుగో ఏడు వచ్చాక చూద్దామంటే కుదరదు.

వెళ్లడానికి కావలసినవి మూడు పరీక్షలు. భాషలో ఎన్4 (కింది నుంచి రెండో స్థాయి) లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే భాషా పరీక్ష, కైగో నైపుణ్య పరీక్ష, కైగోకు సంబంధించిన జపనీస్ పరీక్ష. నైపుణ్య పరీక్ష నర్సింగ్ చదివినవాళ్లకు తేలికే. భాషే అసలు పని. వాక్యంలో క్రియ చివర రావడం మన తెలుగులాగే ఉంటుంది కాబట్టి మాట్లాడటం త్వరగా పట్టుబడుతుంది, రాత మాత్రం రోజూ కూర్చోవాలి. ఎన్4తో విమానం ఎక్కవచ్చు, కానీ ఆ హోమ్‌లో ప్రశాంతంగా పని చేయాలంటే దాని పై మెట్టు ఎన్3 కావాలి. భాష రాక తిట్లు తిని, గదిలో ఒంటరిగా కూర్చునే రోజులు అక్కడ అన్నిటికంటే భారంగా గడిచేవి. ఈ ఒక్క కారణానికే నేను ఎవరినీ తొందరపెట్టను.

ఏజెంట్ల గురించి. మన చట్టం ప్రకారం రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ చార్జీగా 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. మిగతాదంతా ‘ట్రైనింగ్ ఫీజు’ పేరుతో లాగుతారు. ఆ కన్సల్టెన్సీ పేరు కేంద్ర విదేశాంగ శాఖ వెబ్‌సైట్ అయిన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోని ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే మాట్లాడటం కూడా అనవసరం. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని బాండు రాయించుకున్నా, డిపాజిట్ తీసుకున్నా ఒప్పుకోవద్దు. జపాన్ నిబంధనల ప్రకారం అలాంటి ఒప్పందాలుంటే ఈ వీసాకే అర్హత ఉండదు. పాస్‌పోర్టును ఉద్యోగమిచ్చిన సంస్థ వాళ్ల చేతికి ఇవ్వకూడదు. నచ్చకపోతే కైగోలోనే వేరే సంస్థకు మారే హక్కు ఆమెకు ఉంటుంది. ఎయిర్‌పోర్టులో దించుకోవడం, ఇల్లు చూపించడం, బ్యాంకు ఖాతా తెరిపించడం లాంటి సాయం సంస్థే చేయాలి, ఆ ఖర్చు జీతంలో కోయకూడదు.

తెలంగాణలో మీకు ఒక మంచి వీలుంది. టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వానిదే రిక్రూటింగ్ సంస్థ, హైదరాబాద్‌లో ఉంది. నర్సింగ్ చదివినవాళ్లకు భాష నేర్పి జపాన్ కైగో ఉద్యోగాలకు పంపుతోంది, జర్మనీకీ పంపుతోంది. అమ్మాయి ఉండేది హైదరాబాద్‌లోనే కాబట్టి సెలవు రోజు కాకుండా ఒక పని దినాన మీరిద్దరూ కలిసి వెళ్లండి. రెండు దేశాల వివరాలూ ఒకే చోట అడగండి. జీతంలో చేతికి ఎంత వస్తుంది, ఏ ఊరు, గదిలో ఎంతమంది, నెలకు ఎన్ని నైట్ డ్యూటీలు, పరీక్ష తప్పితే కట్టిన డబ్బు ఏమవుతుంది అన్నవి కాగితం మీద రాసిమ్మనండి.

అప్పటిదాకా అమ్మాయిని ఉద్యోగం మానేయనివ్వకండి. రెండేళ్ల క్లినికల్ అనుభవం పూర్తి కావడం ఏ దేశానికైనా పనికొస్తుంది. రోజూ గంట చొప్పున మూడు నెలలు జపనీస్ నేర్చుకోమనండి. ఆ మూడు నెలల్లో సెలవు దొరికినప్పుడు ఏదైనా వృద్ధాశ్రమానికి వెళ్లి, మంచానపడిన ఒకరికి స్నానం చేయించి, తిండి పెట్టి రమ్మనండి. ఆ తర్వాత కూడా వెళ్తానంటే, పెళ్లి గురించి తన మాట ఏమిటో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఆ మాట ప్రకారమే సంబంధాల వాళ్లకు చెప్పండి. ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం పెట్టకముందు ఒక కాపీ నాకు పంపండి, చదివి ఏది బాగుందో ఏది బాగాలేదో చెబుతాను.