నిర్మాణ కాలంలో వడ్డీ మాత్రమే కట్టాలా, మొదటి నెల నుంచే పూర్తి ఈఎంఐ కట్టాలా?

కడపలో ఇల్లు కట్టడానికి 30 లక్షల గృహరుణం తీసుకుంటున్న మీరు, నిర్మాణం సాగే రెండేళ్లూ వడ్డీ మాత్రమే కడితే మేలా, మొదటి నెల నుంచే పూర్తి ఈఎంఐ (అసలు, వడ్డీ కలిసిన నెలవారీ వాయిదా) కడితే మేలా అని అడిగారు. అనంతపురంలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు ఇదే లెక్క వేసుకోవలసి వచ్చింది కాబట్టి, దాన్ని మీ మొత్తానికి వర్తింపజేసి చెబుతాను.

వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే పూర్తి ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు, వడ్డీ మాత్రమే అయితే 21,250 రూపాయలు. అంటే నెలకు మీ చేతిలో మిగిలేది 4,785 రూపాయలే. ఈ వెసులుబాటు ఖరీదెంత అన్నది, ఆ రెండేళ్లు 20 ఏళ్ల గడువులో కలిసే ఉన్నాయా, గడువు వాటి తరువాత మొదలవుతుందా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కలిసే ఉంటే మిగిలిన 18 ఏళ్లకు ఈఎంఐ సుమారు 27,164 రూపాయలై, మొత్తం మీద అదనపు భారం 1.29 లక్షల దగ్గర ఆగుతుంది. గడువు తరువాత మొదలైతే, ఆ రెండేళ్లలో తీసుకున్న అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు కాబట్టి, రెండేళ్ల వడ్డీ 5.10 లక్షలూ అదనమే. మాకిచ్చిన పత్రాల్లో గడువు ఇల్లు పూర్తయ్యాకే మొదలవుతుందని ఉండగా, సంతకాలకు ముందే అడిగి మార్పించుకున్నాము. 2024 అక్టోబరు 1 నుంచి రుణంతో పాటు ముఖ్య వివరాల పత్రం (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్) ఇవ్వడం తప్పనిసరి. అందులోని చెల్లింపుల పట్టికలో ఈ సంగతి తప్పక చూడండి.

పై లెక్క మొత్తం అప్పు తొలిరోజే విడుదలైనట్లు వేసినది. నిజానికి పునాది, గోడలు, స్లాబు అంటూ పనిని బట్టి విడతలుగా ఇస్తారు, ఇచ్చినంత వరకే వడ్డీ పడుతుంది, 7.5 లక్షలు తీసుకున్నప్పుడు అది నెలకు సుమారు 5,300 రూపాయలే. అందుకే అవసరం వచ్చే వరకు తదుపరి విడత అడగకపోవడం మంచిది. స్లాబు పడి 22.5 లక్షలు తీసుకున్నాక పని ఆగిందంటే మాత్రం నెలకు 15,900 రూపాయలకు పైగా వడ్డీ, దానికి తోడు మీరుంటున్న ఇంటి అద్దె. మా మేస్త్రీ బృందం సరిగ్గా ఆ దశలోనే వేరే పనికి వెళ్లిపోయింది. ఇంటి ఖర్చులో మమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టింది ఆ నెలలే. కాబట్టి వడ్డీ రేటులో పావు శాతం తేడా కోసం తిరగడం కన్నా మేస్త్రీతో గడువు రాయించుకోవడం ముఖ్యమని నా గట్టి నమ్మకం.

జీతం మీదే ఆధారపడి, అద్దె కూడా కడుతున్నవారైతే వడ్డీ మాత్రమే కట్టే పద్ధతినే ఎంచుకొని, చేతిలో మిగిలినప్పుడల్లా అసలుకు జమ చేయండి. ఫ్లోటింగ్ రేటు (కాలానుగుణంగా మారే వడ్డీ రేటు) గృహరుణంపై వ్యక్తులకు ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. ఆ సొమ్ము అసలుకే జమ కావాలని రాతపూర్వకంగా కోరండి.

ఆదాయపు పన్ను విషయానికి వస్తే, పాత విధానంలో నిర్మాణకాలపు వడ్డీని ఇల్లు పూర్తయిన సంవత్సరం నుంచి అయిదు సమాన వాయిదాల్లో, ఏడాదికి 2 లక్షల పరిమితికి లోబడి చూపవచ్చు. కొత్త విధానంలో సొంతంగా నివసించే ఇంటికి ఈ మినహాయింపు లేదు, కనుక అందులో ఉన్నవారు పన్ను ఆదాను లెక్కలోకి తీసుకోకూడదు.