‘మనం’ అనాలా, ‘మేము’ అనాలా?

హనుమకొండ

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

బ్రిటన్ ప్రధాని చర్చిల్ 1940 జూన్ 4న అక్కడి పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో చేసిన ప్రసంగం మీద ప్రాజెక్టు రాయాలని నిన్న ఫోనులో చెప్పావు. “చివరి పేరా ఒక్కటీ చదివితే చాలు కదా తాతా?” అని కూడా అడిగావు. చాలదు. కోపంతో అనడం లేదు. కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ నేను ‘బీచుల్లో పోరాడతాం’ అనే ఆ చివరి పేరాతోనే కాలం గడిపాను. వక్తృత్వ పోటీలకు పిల్లల చేత గట్టిగా చదివించేవాణ్ణి, చప్పట్లు మోగేవి. ప్రసంగం నాకు తెలుసనే అనుకున్నాను.

ముందు మొత్తం పాఠం అచ్చు తీసుకుని ఒకే బిగిన చదువు. అరగంటకు పైగా సాగిన ప్రసంగం అది. అందులో ఎక్కువ భాగం జమాఖర్చు లెక్కలా ఉంటుంది. ఆ విసుగును భరించు, అసలు పని జరిగింది అక్కడే. ఫ్రాన్సులోని డంకర్క్ తీరంలో జర్మన్ సేనల మధ్య చిక్కుకున్న సైన్యాన్ని ఓడల్లో వెనక్కి తెచ్చుకున్న వారం అది. ఇరవై ముప్పై వేల మందిని దక్కించుకుంటే గొప్ప అనుకున్నానని, ఘోరమైన సైనిక విపత్తును సభకు చెప్పాల్సి వస్తుందేమోనని భయపడ్డానని ముందు చెబుతాడు. 3,35,000 మందికి పైగా వచ్చారన్న సంగతి ఆ తర్వాత చెబుతాడు. ఎనుమాముల మార్కెట్ నుంచి తిరిగొచ్చిన మిర్చి రైతు కూడా అంతే. ముందు తాను ఎంత తక్కువ ధరకు భయపడ్డాడో చెప్పి, ఆ తర్వాతే పలికిన ధర బయటపెడతాడు. అంకె అదే, దాన్ని ఎక్కడ నిలబెట్టాడన్నది చూడాలి.

జనం ఊపిరి పీల్చుకునే లోపే ఆయన ఆ సంతోషానికి కళ్లెం వేస్తాడు. దీన్ని విజయం అనుకోవద్దు, తరలింపులతో యుద్ధాలు గెలవలేం అంటాడు. చనిపోయినవారు, గాయపడినవారు, జాడ తెలియనివారు కలిసి ముప్పై వేలకు పైనే. పోయిన ఫిరంగులు దాదాపు వెయ్యి. ఇంత నష్టాన్ని తన నోటితో ఎందుకు చెప్పుకున్నాడో నీ ప్రాజెక్టులో కనీసం ఒక పేజీ రాయి. నా మట్టుకు నేను, అప్పును దాచకుండా చెప్పినవాడి వాయిదానే ఊరు నమ్ముతుందని అంటాను. నువ్వు ఒప్పుకోనక్కరలేదు, కానీ కాదంటే కారణం చూపించు.

స్వరం గురించి ఒక జాగ్రత్త. ఫోనులో దొరికే ఆ గంభీరమైన గొంతు విని, ‘1940లో ఆయన ఇలా గర్జించాడు’ అని రాసేవు సుమా! సభలో మాట్లాడినప్పుడు రికార్డు చేయలేదు. ఆ సాయంత్రం బీబీసీ వార్తలు చదివే మనిషి కొన్ని భాగాలు చదివి వినిపించాడు, అంతే. మనం వింటున్నది 1949లో చేసిన రికార్డింగు. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు, యుద్ధం గెలిచి నాలుగేళ్లయింది. ఎలా ముగుస్తుందో తెలిసిన కథను చెప్పే గొంతు అది. జూన్ 4న ముగింపు ఎవరికీ తెలియదు. అందుకే స్వరాన్ని వాక్యాల పొడవులో, విరుపులో, మాటల ఎంపికలో పట్టుకో. ఆయన తన ప్రసంగాల ప్రతులను పద్యంలా పంక్తులు విరిచి టైపు చేయించుకునేవాడు. నువ్వు కూడా చివరి పేరాను అలాగే చేత్తో రాసుకో. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో నీ చేతికే తెలుస్తుంది.

ఇక ఆ ఆవృత్తి సంగతి. ‘పోరాడతాం’ అన్నది ఏడుసార్లు వస్తుంది. దానికో అలంకారం పేరు తగిలించి ముందుకు పోవద్దు. పేరు పెట్టడం విశ్లేషణ కాదు, చీటీ అంటించడం. ఇంగ్లీషులో ఆ మాట ప్రతి వాక్యానికీ మొదట వస్తుంది, తెలుగు చేస్తే చివరికి పోతుంది. ‘బీచుల్లో పోరాడతాం, పొలాల్లో, వీధుల్లో పోరాడతాం, కొండల్లో పోరాడతాం.’ బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ ఉన్నట్టు అన్నమాట. ఉయ్యాలో దగ్గర ఎవరూ ఆలోచించరు, ఆ మాట తెలిసిందే కాబట్టి చెవి కొత్తగా వచ్చే మాట కోసం కాచుకుని ఉంటుంది. ఇక్కడ కొత్తగా వచ్చేవి చోట్ల పేర్లు.

ఆ చోట్లను నాకు చూపించింది ఒక వెనక బెంచీ కుర్రాడు. ఒకసారి పిల్లలను ఖిలా వరంగల్‌కు తీసుకెళ్లాను. కీర్తి తోరణాల దగ్గర నిలబడి 1310 ముట్టడి గురించి చెబుతున్నాను. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సైన్యం ముందు బయటి మట్టికోటను పట్టింది, తర్వాత కందకం దాకా, రాతికోట దాకా వచ్చింది, చివరికి ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. అప్పుడా కుర్రాడు అన్నాడు: “సార్, మొన్న మీరు చెప్పిన ప్రసంగంలో కూడా శత్రువు లోపలికి వస్తూనే ఉన్నాడు కదా?”

నాకు నోట మాట రాలేదు. నిజమే. ఫ్రాన్సులో, సముద్రాల మీద, ఆకాశంలో, తీరంలో, శత్రువు దిగే చోట్లలో, పొలాల్లో, వీధుల్లో, చివరికి కొండల్లో. ఒక్కొక్క చోటూ అంతకు ముందు చోటు చేజారితేనే అవసరపడుతుంది. అది ధైర్యం నింపే జాబితా అని ఇన్నాళ్లూ పాఠం చెప్పాను, నిజానికి అది వెనకడుగుల పటం. నేల కుంచించుకుపోతుంటే గొంతు పెరుగుతోంది. ‘ఎన్నటికీ లొంగిపోం’ అన్న మాటకు అంత బరువు రావడానికి కారణం, అది పలికే వేళకు వినేవాడు ఊహలో అప్పటికే కొండల్లో ఉండటం. నువ్వు పటం ముందు పెట్టుకుని వేలితో ఆ దారి గీసి చూడు.

ఆ తర్వాత నీకు అసలు కష్టం మొదలవుతుంది. ఇంగ్లీషు ‘వుయ్’కి తెలుగులో రెండు మాటలున్నాయి. లండన్‌లో వింటున్నవాడికి అది ‘మనం’. మరి మనకు? పేరా చివర్లో ఒక మాట ఉంది. ఒకవేళ ఈ దీవి లొంగి ఆకలితో అలమటించినా, సముద్రాలకు ఆవల ఉన్న మా సామ్రాజ్యం పోరు కొనసాగిస్తుందట. ఆ సామ్రాజ్యంలో మనవాళ్లున్నారు. 1939 సెప్టెంబరులో ఇండియాను యుద్ధంలోకి దించుతూ వైస్రాయ్ ప్రకటన చేసినప్పుడు ఇక్కడి నాయకులను అడగనే లేదు, అందుకే కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. మనమైతే నిజాం ఏలుబడిలో ఉన్నాం. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో పోరాడిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమాన దళాల్లో 152వ దానికి నిజాం ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా ‘హైదరాబాద్’ అని పేరు. పేరు మనది, మాట మాత్రం మనతో కాదు. ‘మా సామ్రాజ్యం’ అన్నప్పుడు మనం వినేవాళ్లం కాదు, లెక్కలో రాసుకున్న ఆస్తి. ఇది చెప్పినంత మాత్రాన ప్రసంగం శిల్పం తగ్గదు. శిల్పం బాగుంది కాబట్టి ఇది దాచాలనీ లేదు. రెండూ రాయి.

చాటున ఉన్న శ్రోతలనూ మరిచిపోకు. ఫ్రాన్సులో పోరాడతామన్నది ఫ్రెంచివారికి భరోసా, అయినా 18 రోజులకే వాళ్లు జర్మనీతో విరమణ ఒప్పందం చేసుకున్నారు. ‘కొత్త ప్రపంచం’ వచ్చి పాతదాన్ని కాపాడుతుందన్న చివరి మాట అమెరికా చెవిన వేసింది. అంత వీరావేశం చివరికి ఒక అభ్యర్థనతో ముగిసింది, గమనించావా?

దసరా సెలవులకు వస్తావు కదా, చిత్తు ప్రతి తీసుకురా. అక్షరాలు పెద్దవిగా రాయి, నా కళ్లద్దాలు మార్చాల్సిన వేళ దాటిపోయింది. ఆ చివరి పేరాను తెలుగు చేసి, ‘వుయ్’ వచ్చిన ప్రతి చోటా నీకు తోచింది, ‘మనం’ అనో ‘మేము’ అనో, పెన్సిల్‌తో రాయి. కోటకు పోయి, మట్టికోట దగ్గర మొదలుపెట్టి లోపలికి నడుస్తూ చదువుదాం. తోరణాల దాకా వచ్చేసరికి కొన్నిటినైనా చెరిపి తిరగరాస్తావని నా అనుమానం.

నీ తాత