గ్రహశకలానికి పేరెప్పుడు పెడతారు?

ప్రశ్న: ‘2024 వైఆర్4’ గ్రహశకలం గురించి వార్తల్లో చదివానండీ. ఇదేం పేరు? మంచి పేరు పెట్టరా?

జవాబు: అది పేరు కాదండీ, తాత్కాలిక గుర్తు. అందులోని లెక్క నాకు భలే ఇష్టం. 2024 కనుగొన్న సంవత్సరం. ప్రతి సగం నెలకూ ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది; వై అంటే డిసెంబర్ రెండో సగం. చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ దాన్ని పట్టింది డిసెంబర్ 27న. ఇక ఆర్4 వరుస సంఖ్య. ఐ తప్ప మిగతా 25 అక్షరాలు నాలుగు చుట్లు పూర్తయి, ఐదో చుట్టులో ఆర్ దాకా వచ్చాయి. అంటే 117వది! ఒక్క సగం నెలలోనే ఇన్ని దొరికాయి.

కక్ష్య కచ్చితంగా తేలాక శాశ్వత సంఖ్య ఇస్తారు. ఆ తర్వాతే పేరు. కనుగొన్నవారు సూచిస్తే అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించాలి. రాజకీయ నాయకుల పేరైతే వారు చనిపోయి వందేళ్లు గడవాలి. చాలా మంచి నిబంధన అంటాను నేను.