పాత కంప్యూటర్ల వ్యాపారం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి సర్వీస్ సెంటర్లో పనిచేస్తున్నాను. చేతిలో నాలుగు లక్షలున్నాయి. పాత కంప్యూటర్లు కొని, బోర్డుల్లోంచి బంగారం తీస్తే మంచి లాభమని వీడియోల్లో చూశాను. మా మేడ మీద ఖాళీ ఉంది. అక్కడ మొదలుపెట్టవచ్చా సార్? లైసెన్సులు ఏం కావాలి?
– ఒక పాఠకుడు, మౌలాలి

జవాబు: వ్యాపారం తప్పకుండా మొదలుపెట్టండి. మేడ మీద బంగారం తీసే ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకోండి. పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి అమ్మడమే నా బతుకుతెరువు. యాసిడ్ బకెట్ల దగ్గర కూర్చుని చేతులు పాడుచేసుకున్న కుర్రాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ర్యామ్ అంచున మెరిసేది బంగారమే, కానీ అది వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచని పూత. దాన్ని తీయాలని నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు కలిపి బోర్డులు వేస్తే గోధుమరంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మిగిలిన నీళ్లలో రాగి, సీసం కరిగి ఉంటాయి. ఆ నీళ్లు ఎక్కడ పోస్తారు? మేడ గొట్టంలోంచి మోరీలోకి, అక్కడినుంచి మూసీలోకే కదా! రాగి కోసం వైర్లు కాల్చినా అంతే, ప్లాస్టిక్ తొడుగు కాలి డయాక్సిన్లనే విషాలు వస్తాయి. కింద మీ ఇంట్లో పిల్లలు, పక్కింటి పిల్లలు పీల్చేది ఆ గాలే. బోర్డుల నుంచి లోహాలను పద్ధతిగా తీసే విధానాల మీద మన చర్లపల్లిలోనే సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. బంగారం తీయడం ఫర్నేసులు, పొగను శుద్ధిచేసే యంత్రాలు ఉన్నవాళ్ల పని.

మీ చదువుకు, మీ డబ్బుకు సరిపోయేది రీఫర్బిషింగ్, అంటే పాతవి బాగుచేసి అమ్మడం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం మిషన్లు చాలావరకు విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. అందుకని ఆఫీసులు మంచి మిషన్లను కూడా పక్కన పెడుతున్నాయి. ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ట్యూషన్ సెంటర్లకు, ఇంటర్ పిల్లలకు అవి హాయిగా పనికొస్తాయి.

మా బల్ల మీదికి డెస్క్‌టాప్ రాగానే ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పడతాం. బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ర్యామ్ తీసి, దాని అంచును బడిపిల్లలు వాడే ఎరేజర్‌తో రుద్దుతాం. చచ్చిపోయిందని కాటా లెక్కన అమ్మేసిన మిషన్లు కొన్ని అక్కడే లేస్తాయి. లేవకపోతే కరెంటు సరఫరా చేసే వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూస్తాం. పాత ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మా కుర్రాళ్లను విప్పనివ్వను, ప్లగ్గు పీకినా అందులోని కెపాసిటర్ షాక్ కొట్టగలదు. ఆపైన ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్ట్, హార్డ్ డిస్క్ బదులు దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ. ఇంతే ఖర్చు.

ఇక లైసెన్సులు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారీదారు, ఉత్పత్తిదారు, రీఫర్బిషర్, రీసైక్లర్ అని నాలుగే వర్గాలు. రీఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. మైక్రో సంస్థలకు ఈ నిబంధనలు వర్తించవు కాబట్టి, మీకు నమోదు అవసరమో కాదో మండలిలోనే అడిగి తెలుసుకోండి. పాత నిబంధనల్లోని డిస్మాంట్లర్ (విడదీసేవాళ్లు) వర్గం ఇప్పుడు లేదు, ఆ లైసెన్స్ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, దానికీ ఏజెంట్ అక్కర్లేదు. షెడ్డు అద్దెకు తీసుకునే ముందే సనత్‌నగర్‌లోని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లి ఏ అనుమతి కావాలో అడగండి. బాగుచేయగా మిగిలిన తుక్కు రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే పోవాలి. తూకం చీటీలు, రసీదులు ఫైల్ చేయండి. రేపు ఆఫీసుల వాళ్లు మొదట అడిగేవి అవే.

ఆ తర్వాత వాళ్లడిగేది డేటా గురించి. ఫార్మాట్ కొడితే చాలదు, దాన్ని మళ్లీ బయటికి తీయొచ్చు. ప్రతి డిస్క్‌నూ పూర్తిగా తుడిచి, సీరియల్ నంబర్‌తో సర్టిఫికెట్ ఇవ్వండి. ఒకరి జీతాల పట్టిక, ఇంకొకరి పెళ్లి ఫొటోలు మీ చేతిలో ఉన్నాయని మరవకండి.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్‌కు ఆన్ చేయగానే అడ్డుపడే బయోస్ పాస్‌వర్డ్ ఉందేమో చూశాకే డబ్బులివ్వండి. పాత డబ్బా మానిటర్లు ఊరికే ఇచ్చినా తీసుకోకండి, ఆ గాజులో సీసం ఉంటుంది. విడిభాగాల ధరలు తెలియాలంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో నాలుగు షాపులు తిరగండి.

ప్రశ్న: పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచింది. చెత్త బండిలో వేయవచ్చా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా. బండిలో నలిగితే మంటలు లేస్తాయి, పాపం ఆ పారిశుద్ధ్య కార్మికుల చేతులు కాలతాయి. ఛార్జింగ్ పెట్టకండి, మూత నొక్కకండి, గుచ్చకండి. రేకు డబ్బాలో పొడి ఇసుక పోసి, ఫోన్‌ను అందులో ఉంచి, మండే వస్తువులకు దూరంగా పెట్టండి. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పి, తీసుకుంటామంటే అక్కడ ఇవ్వండి.